టేబుల్ పేరు నుంచి క్లాస్ పేరు: ఇంగ్లీషు ఏకవచనం, బహువచనం కోడ్‌లో ఎలా చూసుకుంటున్నారు?

నీలిటెర్మినల్ (ప్రశ్న)

నమస్తే అందరికీ. డేటాబేస్ స్కీమా చదివి, దానికి తగ్గట్టు మోడల్ క్లాసులు, ఏపీఐ రూట్లు తయారుచేసే జనరేటర్ ఒకటి ఈమధ్యే నా చేతికి వచ్చింది. టేబుల్ పేర్లన్నీ బహువచనంలో ఉన్నాయి, యూజర్స్, ఆర్డర్స్, కేటగిరీస్ ఇలా. క్లాస్ పేరేమో ఏకవచనంలో రావాలి. ఇప్పుడున్న ఫంక్షన్ చేసే పని ఒక్కటే: చివర ఎస్ కనిపిస్తే కోసేస్తుంది. యూజర్స్ అయితే యూజర్ అవుతుంది, ఇబ్బంది లేదు. అదే అడ్రస్ అనే పేరు వచ్చిందంటే చివర ఉన్న రెండు ఎస్‌లలో ఒకటి ఎగిరిపోతుంది. న్యూస్ కాస్తా న్యూ అయిపోతుంది. కేటగిరీస్‌లో ఎస్ పోయాక చివర ఐఈ మిగులుతుంది, అక్కడ ఉండాల్సింది వై. చిల్డ్రెన్ జోలికి అసలు పోదు, ఎందుకంటే చివర ఎస్ లేదు.

దీనికి తోడు, తిరగేసి ఎస్ తగిలించే ఇంకో ఫంక్షన్ కూడా ఉంది. దాన్ని స్క్రీన్ మీద మెసేజ్‌లకి వాడుతున్నారు. ఎన్ని ఫైళ్లు డిలీట్ అయ్యాయో చెప్పే చోట, సెర్చ్‌లో ఎన్ని దొరికాయో చెప్పే చోట, అన్నింటికీ అదే. సెర్చ్ బాక్స్‌లో కూడా ఎస్ కోసే ఫంక్షన్‌నే పెట్టారు, బాక్సెస్ అని కొడితే బాక్స్ దొరకాలని. దొరకడం లేదు, ఎందుకంటే ఎస్ పోయినా ఈ మిగులుతోంది.

నేను రెగెక్స్‌లు (అక్షరాల వరుసను పట్టే నమూనాలు) ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోతున్నాను. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతోంది. దీనికి పద్ధతి ప్రకారం చేసే దారి ఏదైనా ఉందా, లేక మంచి లైబ్రరీ తెచ్చి పెట్టేసుకుంటే సరిపోతుందా? కోడ్ కొంత పైథాన్‌లో, కొంత జావాస్క్రిప్ట్‌లో ఉంది.


పాతపెర్ల్

రెగెక్స్‌లు చేర్చుకుంటూ పోవడం ఇప్పుడే ఆపేయండి, ఆ దారికి చివర లేదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే లైబ్రరీని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

ఏకవచనం నుంచి బహువచనానికి వెళ్లే దారి కష్టమే గానీ నడవగలిగే దారి. మామూలుగా ఎస్, చివర ఎస్, ఎక్స్, సీహెచ్, ఎస్‌హెచ్ ఉంటే ఈఎస్, హల్లు తర్వాత వై ఉంటే వై పోయి ఐఈఎస్. బడిలో చెప్పేది ఇంతే. మినహాయింపులు ఆ వెనకే వస్తాయి. స్టమక్ చివర సీహెచ్ ఉన్నా ఈఎస్ రాదు, ఉత్త ఎస్సే, ఎందుకంటే పలికేది క. అంటే స్పెల్లింగ్ చూసి తేల్చలేం, ఉచ్చారణ తెలియాలి. నైఫ్, లీఫ్ అయితే వీఈఎస్‌లోకి మారతాయి, రూఫ్, చీఫ్, ప్రూఫ్ మారవు. పొటాటో, హీరోలకి ఈఎస్, ఫోటో, పియానోలకి ఎస్. క్విజ్‌లో జెడ్ రెండవుతుంది. మ్యాన్‌ని మెన్ చేయాలి కదా అని చివరి మూడక్షరాలు చూసి రూల్ రాస్తే హ్యూమన్, జర్మన్ రెండూ దెబ్బతింటాయి. పాసర్‌బై లాంటి వాటిలో ఎస్ మాట మధ్యలోకి వెళ్తుంది.

ఇవన్నీ ఓపిగ్గా కూర్చుని రాసుకోవచ్చు, రాసినవాళ్లు ఉన్నారు కూడా. డేమియన్ కాన్వే 1998లో ఇంగ్లీషు బహువచనాలను అల్గారిథమ్‌తో ఎలా చేయాలో ఒక పేపర్ రాశారు, దాని పక్కనే పెర్ల్ భాషలో మాడ్యూల్ కూడా ఇచ్చారు. పైథాన్‌లో ఇన్‌ఫ్లెక్ట్ అనే లైబ్రరీ దాని వారసుడే. అందులో క్లాసికల్ మోడ్ అని విడిగా ఉంటుంది, ఫార్ములాకి మామూలు ఎస్ కావాలా, లాటిన్ పద్ధతిలో ఏఈ కావాలా అన్నది మీరు చెప్పాలి. ఆ ఆప్షన్ ఉండటమే చెబుతోంది, ఒక మాటకి సరైన బహువచనం ఒక్కటే ఉండాలని లేదని. ఇండెక్స్‌కి ఇండెక్సెస్ రాసేవాళ్లూ ఉన్నారు, ఇండిసెస్ రాసేవాళ్లూ ఉన్నారు, ఇద్దరిదీ సరైనదే.

ఇక మీరు చేస్తున్నది దీనికి తిరగేసిన పని, బహువచనం నుంచి ఏకవచనం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే మాటను మాత్రమే చూస్తే దీనికి జవాబు ఒక్కోసారి ఉండదు. లీవ్స్ అనే టేబుల్ ఉందనుకోండి. అది ఉద్యోగుల సెలవులదైతే ఏకవచనం లీవ్, మొక్కల డేటాబేస్‌లో ఆకులదైతే లీఫ్. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా లేదు. బేసెస్ నుంచి బేస్ రావచ్చు, బేసిస్ రావచ్చు. గ్రాఫ్ గీసే కోడ్‌లో ఏ, ఎక్స్, ఈ, ఎస్ అనే నాలుగు అక్షరాల మాట వస్తే అది యాక్సిస్‌కి బహువచనం, పనిముట్ల జాబితాలో అయితే గొడ్డలికి బహువచనం. ప్రపంచంలో ఎంత మంచి లైబ్రరీ తెచ్చినా మీ టేబుల్‌లో ఏముందో దానికి తెలియదు కాబట్టి ఊహించే చెబుతుంది. ఇది లైబ్రరీ తప్పు కాదు, అడిగిన ప్రశ్నలోనే సమాచారం చాలడం లేదు.

ఇన్‌ఫ్లెక్ట్ వాడితే ఒక సంగతి గుర్తుంచుకోండి. అందులో ఏకవచనం చేసే ఫంక్షన్‌కి ముందే ఏకవచనంలో ఉన్న మాట ఇస్తే, అదే మాట తిరిగి రాదు, ఫాల్స్ వస్తుంది. డాక్యుమెంటేషన్‌లో ఉన్నదే, కానీ చూసుకోకుండా ఆ విలువను నేరుగా పేరులో అతికిస్తే మీ జనరేటర్ ఫాల్స్ అనే పేరుతో క్లాస్ తయారుచేస్తుంది. బహువచనంలో ఉండాల్సిన టేబుల్స్‌లో ఒక్కటి ఏకవచనంలో ఉన్నా చాలు.


మెర్జ్‌కాన్‌ఫ్లిక్ట్

పైన చెప్పిందంతా ఒప్పుకుంటాను, కానీ నేనైతే ఇంకో అడుగు ముందుకేసి చెబుతాను: కోడ్‌లో పేర్ల సంగతి వ్యాకరణం సమస్యే కాదు. టేబుల్ ఇది, క్లాస్ ఇది అని ఒక మ్యాప్ ఫైల్‌లో రాసి పెట్టుకోండి, రెండు నిలువు వరుసలు, ఎడమ పక్క బహువచనం, కుడి పక్క ఏకవచనం. లైబ్రరీని కొత్త టేబుల్ వచ్చినప్పుడు సూచన ఇవ్వడానికి మాత్రమే వాడండి. ఆ సూచనను మనిషి ఒకసారి చూసి ఒప్పుకున్నాక ఫైల్‌లోకి వెళ్లాలి, ఫైల్ రెపోలోకి వెళ్లాలి, ఆ తర్వాత ఎవరూ దాన్ని లెక్కకట్టకూడదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, రన్‌టైమ్‌లో, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా, పేరు లెక్కకట్టే కోడ్‌కి లైబ్రరీ వెర్షన్ మారడమే పెద్ద ప్రమాదం. కొత్త వెర్షన్‌లో ఎవరో మంచి మనసుతో ఒక తప్పు బహువచనాన్ని సరిచేస్తారు. సరిచేసింది నిజంగా సరైనదే. కానీ మీ డేటాబేస్‌లో టేబుల్ పాత తప్పు పేరుతోనే ఉంది, కొత్త కోడ్ సరైన పేరుతో వెతుకుతుంది, టేబుల్ లేదంటుంది. రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ వాళ్లు ఈ కారణంగానే తమ ఇన్‌ఫ్లెక్టర్ (ఏకవచనం, బహువచనం మార్చే భాగం) రూల్స్‌కి ప్యాచ్‌లు తీసుకోబోమని డాక్యుమెంటేషన్‌లోనే రాశారు, తప్పు రూపాల మీద ఆధారపడిన పాత అప్లికేషన్లు ఆగిపోతాయని. మీకు వేరే రూపం కావాలంటే మీ ప్రాజెక్ట్‌లోని ఇనిషియలైజర్ ఫైల్‌లో మీరే చేర్చుకోవాలి. ఆ నిర్ణయం నాకు చాలా నచ్చుతుంది. ఒకసారి ఖాయమైన పేరు తప్పో ఒప్పో కదలకపోవడమే ముఖ్యం.

మిగతా ఫ్రేమ్‌వర్క్‌లలోనూ తప్పించుకునే దారి ఉంది, దాన్నే ముందు వెతకండి. మాంగూస్ మోడల్ పేరు ఇవ్వగానే తనంతట తానే బహువచనం చేసి చిన్నక్షరాల్లో కలెక్షన్ పేరు పెట్టుకుంటుంది, అది వద్దంటే కలెక్షన్ పేరు మీరే ఇవ్వచ్చు. సీక్వెలైజ్‌లో ఫ్రీజ్‌టేబుల్‌నేమ్ అని సెట్టింగ్ ఉంది. లారావెల్ మోడల్‌లో టేబుల్ పేరు ఒక ప్రాపర్టీగా రాసేయచ్చు. జాంగో అయితే అడ్మిన్ పేజీలో చూపించే బహువచనానికి ఉత్త ఎస్ తగిలించి ఊరుకుంటుంది, అందుకే ఎక్కడ చూసినా కేటగిరీకి వై అలాగే ఉండి పక్కన ఎస్ చేరిన రూపం కనిపిస్తుంది, వెర్బోస్‌నేమ్‌ప్లూరల్ రాస్తే పోతుంది.

మ్యాప్ పెట్టుకున్నా తీరని చిక్కు ఒకటుంది, దీన్ని చాలామంది ఆలోచించరు: ఏకవచనం, బహువచనం రెండూ ఒకటే అయిన మాటలు. సిరీస్, ఎక్విప్‌మెంట్, ఇన్ఫర్మేషన్, న్యూస్. మీ జనరేటర్ లూప్ రాసే చోట, జాబితాకి బహువచనం పేరు, ఒక్కో అంశానికి ఏకవచనం పేరు పెడుతుంది కదా. సిరీస్ దగ్గరికొచ్చేసరికి రెండూ సిరీసే. పైథాన్‌లో ఆ లూప్ నోరెత్తకుండా నడుస్తుంది, కానీ లూప్ అయ్యాక ఆ పేరు జాబితాది కాదు, చివరి అంశానిది. కింద ఎక్కడో దాని పొడవు అడిగితే తప్పు జవాబు వస్తుంది లేదా అక్కడ పగులుతుంది. జావాస్క్రిప్ట్‌లో కాన్స్ట్‌తో అదే లూప్ రాస్తే మొదటి వరుసలోనే రిఫరెన్స్ ఎర్రర్, ఇంకా విలువ పెట్టని పేరును వాడుతున్నావంటుంది. నా దృష్టిలో జావాస్క్రిప్ట్ ప్రవర్తనే మేలు, కనీసం వెంటనే తెలుస్తుంది. రూట్ల పేర్లలోనూ ఇదే ఢీకొంటుంది. రైల్స్‌లో ఇలాంటి మాటకి జాబితా రూట్ హెల్పర్ పేరులో ఇండెక్స్ అనే తోక చేరుస్తారు, ఏది ఏదో తెలియడానికి. మీరూ అలాంటిదే ఒకటి పెట్టుకోండి, జాబితా పేరు చివర లిస్ట్ అని చేర్చినా చాలు. నన్నడిగితే అన్ని మాటలకీ అలాగే చేర్చేయడం ఇంకా మంచిది, అప్పుడు ప్రత్యేక కేసంటూ ఉండదు.

రెండు మూడు మాటలు కలిసిన పేర్లు కూడా చూసుకోండి. ఆర్డర్ స్టేటస్ లాంటి వాటిలో చివరి మాటను మారిస్తే సరిపోతుంది, పాయింట్ ఆఫ్ సేల్‌లో మాత్రం మారాల్సింది మొదటి మాట. యూజర్ సెట్టింగ్స్ అయితే ఒక్కో యూజర్‌కి ఒకే వరుస ఉన్నా దాన్ని సెట్టింగ్ అని ఎవరూ అనరు, ఎస్ అలాగే ఉంచాలి. ఇవన్నీ మ్యాప్‌లో ఒక్కో వరుస, రెగెక్స్‌లో అయితే ఒక్కో తలనొప్పి.


అనువాదబల్ల

స్క్రీన్ మెసేజ్‌ల గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఆ భాగం నేను రాస్తాను. నేను రోజూ చూసేది అదే.

మెసేజ్‌లలో బహువచనం చేసే ఫంక్షన్ ఏదీ వాడకండి, ఎంత మంచిదైనా సరే. మాట ఒక్కటే మారితే చాలదు. ఇంగ్లీషులో ఒక ఫైల్ అయితే వాజ్, మూడు అయితే వర్, ఒకటి అయితే దిస్, ఎక్కువైతే దీజ్. కాబట్టి వాక్యం మొత్తం రెండు రూపాల్లో రాసి పెట్టుకోవాలి, సంఖ్యను బట్టి ఒకదాన్ని ఎంచుకోవాలి. అనువాదాలకి వాడే గెట్‌టెక్స్ట్ లైబ్రరీలో ఎన్‌గెట్‌టెక్స్ట్ అనే ఫంక్షన్ ఉన్నది ఇందుకే, ఏకవచన వాక్యం, బహువచన వాక్యం, సంఖ్య, మూడూ ఇస్తారు. పైథాన్‌లో అది స్టాండర్డ్ లైబ్రరీలోనే ఉంది. ముక్కలు ముక్కలుగా అతికించి వాక్యం కట్టడం అసలు వద్దు, అనువాదకులు ఆ ముక్కలతో ఏమీ చేయలేరు.

ఎంచుకోవడానికి ఇఫ్ పెట్టి సంఖ్య ఒకటా కాదా అని చూడటం ఇంగ్లీషుకి దాదాపు సరిపోతుంది, వేరే భాషలకి సరిపోదు. యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ అనే భాషల డేటాలో ప్రతి భాషకీ రూల్స్ ఉన్నాయి, జీరో, వన్, టూ, ఫ్యూ, మెనీ, అదర్ అని ఆరు తరగతులు. అరబిక్ ఆరింటినీ వాడుతుంది. జపనీస్‌కి అదర్ ఒక్కటే. తెలుగుకి ఇంగ్లీషులాగే వన్, అదర్. రష్యన్‌లో 21కి వాడే రూపం 1కి వాడేదే, 22కి వేరు, 25కి ఇంకోటి. ఫ్రెంచ్‌లో సున్నా కూడా ఏకవచనంలోకే వస్తుంది, ఇంగ్లీషులో సున్నా బహువచనం. ఇఫ్ పెట్టుకుని ఇవన్నీ రాసుకోలేం కదండీ. జావాస్క్రిప్ట్‌లో ఐఎన్‌టీఎల్ అనే ఆబ్జెక్ట్ కింద ప్లూరల్‌రూల్స్ ఉంది, భాష పేరు, సంఖ్య ఇస్తే తరగతి చెబుతుంది, లైబ్రరీ కూడా అక్కర్లేదు.

ఇంగ్లీషుకి కూడా దాదాపు అని ఎందుకన్నానంటే, 1కి, 1.0కి తేడా ఉంది. సీఎల్‌డీఆర్ ప్రకారం ఇంగ్లీషులో వన్ తరగతిలోకి రావాలంటే సంఖ్య ఒకటి కావాలి, చూపించేటప్పుడు దశాంశ బిందువు తర్వాత అంకెలేవీ ఉండకూడదు. స్క్రీన్ మీద 1.0 అని చూపిస్తుంటే కిలోమీటర్స్ అనే రావాలి. కాబట్టి ప్లూరల్‌రూల్స్‌కి కూడా మీరు ఫార్మాటింగ్‌లో ఇచ్చిన దశాంశ స్థానాల సెట్టింగే ఇవ్వాలి, లేకపోతే సంఖ్య ఒక తీరు, మాట ఒక తీరుగా ఉంటాయి.

ఇంకొకటి, ఇక్కడ చాలామంది ఇరుక్కుంటారు. ఆండ్రాయిడ్‌లో ప్లూరల్స్ రిసోర్స్‌లో జీరో అని ఒక వరుస ఇచ్చి, అందులో ఫైళ్లేమీ లేవు అని మంచి వాక్యం రాస్తారు. ఇంగ్లీషులో అది ఎప్పటికీ కనిపించదు. జీరో అంటే అక్కడ సున్నా అనే సంఖ్య కాదు, వ్యాకరణంలో ఒక తరగతి, ఇంగ్లీషుకి ఆ తరగతి లేదు. సున్నాకి వేరే వాక్యం కావాలంటే కోడ్‌లో మీరే చూసి వేరే స్ట్రింగ్ ఇవ్వాలి. ఐసీయూ మెసేజ్‌ఫార్మాట్ (సంఖ్యను బట్టి మారే వాక్యాలు రాసే పద్ధతి) వాడేవాళ్లకి సమాన గుర్తుతో కచ్చితమైన సంఖ్య ఇచ్చే వీలుంది, అక్కడైతే హాయిగా రాసుకోవచ్చు.


నీలిటెర్మినల్

చాలా చాలా థాంక్స్ అందరికీ, మూడు వేర్వేరు పనులకీ ఎస్ కోసే, తగిలించే ఫంక్షన్లే వాడుతుండటమే గొడవని ఇప్పుడు అర్థమైంది. మెసేజ్‌లు గెట్‌టెక్స్ట్‌కి మారుస్తున్నాను, లూప్ పేర్లకి లిస్ట్ తోక కూడా పెడుతున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. మ్యాప్ ఫైల్ పెడితే కొత్త టేబుల్ చేర్చినవాళ్లు అందులో రాయడం మర్చిపోతే ఏం చేయాలి? సెర్చ్ సంగతి ఏంటి? యూజర్ ఏ మాట కొడతాడో ముందే తెలియదు కాబట్టి అక్కడ మ్యాప్ కుదరదు.


మెర్జ్‌కాన్‌ఫ్లిక్ట్

మర్చిపోతే బిల్డ్ ఫెయిల్ అవ్వాలి, అంతే. జనరేటర్ మ్యాప్‌లో లేని టేబుల్ చూడగానే ఆగిపోయి, ఈ టేబుల్‌కి ఏకవచనం ఇది కావచ్చు, సరైనదైతే ఈ వరుస ఫైల్‌లో చేర్చండి అని వరుస మొత్తం రాసి చూపించాలి. కాపీ చేసి అతికించుకుంటారు, అర నిమిషం పని. తనంతట తానే ఫైల్‌లో రాసేలా మాత్రం పెట్టొద్దు, అలా పెడితే ఎవరూ చూడరు, లీవ్స్‌కి లీఫ్ అని పడిపోతుంది. ఇంకో రెండు తనిఖీలు కూడా అక్కడే పెట్టండి. రెండు వేర్వేరు టేబుల్స్‌కి ఒకే క్లాస్ పేరు వస్తోందా, ఇది పర్సన్స్, పీపుల్ రెండూ ఉన్న పాత స్కీమాల్లో నిజంగా జరుగుతుంది. వచ్చిన పేరు భాషలో రిజర్వ్ చేసిన మాటా, ఉదాహరణకి క్లాసెస్ అనే టేబుల్‌కి ఏకవచనం క్లాస్, దాన్ని చిన్నక్షరాల్లో వేరియబుల్‌గా పెడితే పైథాన్ ఒప్పుకోదు.


పాతపెర్ల్

సెర్చ్‌కి కావాల్సింది ఏకవచనం కాదు, స్టెమ్మింగ్. యూజర్ కొట్టిన మాటనీ, డాక్యుమెంట్‌లోని మాటనీ ఒకే రీతిలో కుదించి, కుదించిన రూపాలను పోల్చడం. ఆ రూపం నిజమైన మాట కానక్కర్లేదు. మార్టిన్ పోర్టర్ 1980లో ప్రచురించిన స్టెమ్మర్‌లో పోనీస్ అనే మాటకి చివర ఐ ఉన్న ఒక మొండి రూపం వస్తుంది, పోనీకి కూడా అదే వస్తుంది, రెండూ కలిసాయి కాబట్టి పని అయింది. అందుకే స్టెమ్మర్ ఇచ్చిన మాటను స్క్రీన్ మీద చూపించకూడదు, క్లాస్ పేరుగా అసలే పెట్టకూడదు.

మీరు సొంతంగా రాయొద్దు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఫుల్ టెక్స్ట్ సెర్చ్‌కి ఇంగ్లీష్ కాన్ఫిగరేషన్ ఇస్తే స్నోబాల్ అనే స్టెమ్మర్‌ని దానంతటదే వాడుతుంది, పైథాన్‌లోనూ స్నోబాల్ దొరుకుతుంది. పాత పోర్టర్ స్టెమ్మర్ న్యూస్‌ని న్యూ చేసేది. స్నోబాల్‌లోని ఇంగ్లీష్ వెర్షన్‌లో న్యూస్, అట్లాస్, బయాస్ లాంటివి ముట్టుకోకూడదని చిన్న మినహాయింపుల జాబితా ఉంది, కాబట్టి అదే తీసుకోండి. చిల్డ్రెన్ కొడితే చైల్డ్ దొరకాలంటే మాత్రం స్టెమ్మర్ చాలదు, అది చివరలు కోస్తుంది అంతే. అలాంటివి కొన్నే కాబట్టి సినొనిమ్ డిక్షనరీలో చేర్చేయండి, పోస్ట్‌గ్రెస్‌లో దాన్ని స్టెమ్మర్ కంటే ముందు పెట్టాలి, వెనక పెడితే మాట దాని దాకా రాదు.